మూడువందల పదిహేడో గది ప్రిమార్‌గారు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. డాక్టరు దొరకని చోట మా పాప రెసికి మళ్ళీ ఒళ్ళు తెలియకుండా పోవడం. దానికిప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. ట్రామ్ ఎక్కానంటే అక్కణ్ణుంచి ఆసుపత్రి ఎన్ని స్టాపులో లెక్కపెట్టుకుంటాను. ట్రామ్ పట్టాలు ఆగిపోయే చోటు దాటి దాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళను. అమ్మ నన్ను తిడుతుంది, పిల్లని పంజరంలో పెంచుతున్నావని. తిట్టనీ.

ఇది ఎలా మొదలైందో చెప్పాలంటే అయిగ్నర్‌గారి గురించి చెప్పాలి.

నేను వియన్నాలో రింగ్ వీధి మీదున్న ఒక పాత హోటల్లో గదులు సర్దుతాను. హోటలు పేరు రాయను. చక్రవర్తి కాలం నాటిది, మెట్ల మీద ఎర్ర తివాచీ, లిఫ్టులో కూర్చోడానికి మఖమల్ బెంచీ. పదిహేనేళ్ళకు బడి మానేసి అక్కడే నేలమాళిగలో ఇస్త్రీ మిషను దగ్గర చేరాను. రెసి పుట్టాక మూడో అంతస్తు ఇచ్చారు. రెసి వాళ్ళ నాన్న సాల్జ్‌బర్గ్ వైపు లారీ నడుపుతున్నాడని విన్నాను. అంతకుమించి నాకు తెలియదు.

మా హోటల్లో అతిథిని ఒట్టి పేరుతో పిలిస్తే తిట్టినంత పని. కింద తాళాల బల్ల దగ్గర ముప్పై ఏళ్ళుగా నిలబడ్డ పెద్ద పోర్టరు నవ్రాటిల్‌గారు కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఈ పాఠం చెబుతాడు.

"ఎవరొచ్చినా ఒక మెట్టు ఎక్కించి పిలవాలి. చదువుకుంటున్న కుర్రాడొస్తే డాక్టర్‌గారూ అను. డాక్టరొస్తే ప్రొఫెసర్‌గారూ అను. వాళ్ళావిడనీ అదే పట్టాతో పిలువు. ఆయన పోయినా సరే, ఆవిడ బతికున్నంతకాలం అంతే. ఎక్కువ చేశావని ఇంతవరకూ ఎవడూ పెట్టె తిప్పుకుని పోలేదమ్మాయ్."

అలా మా మూడువందల పదిహేడో గదిలో దిగే అయిగ్నర్‌గారు ప్రిమార్‌గారు అయ్యాడు. ఆసుపత్రిలో ఒక వార్డు మొత్తానికి పెద్ద డాక్టరుని ప్రిమార్ అంటాం. ఆయన ఎన్స్ నది మీదున్న స్టైర్ ఊరు నుంచి ఏటా అక్టోబరు చివర వచ్చి వారం రోజులుండేవాడు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, బూడిదరంగు కోటు, బాగా తుడిచిన పాత బూట్లు. పెరటివైపు గదే కావాలనేవాడు. మధ్యాహ్నం పూట చామంతులు కొనుక్కుని శ్మశానానికి వెళ్ళే ట్రామ్ ఎక్కేవాడు. ఎవరి కోసమో మేం అడగలేదు. అడగకూడదు కూడా.

ఆయనతో నాకు ఒకటే పేచీ. నేను వెళ్ళేసరికి పక్క తనే సర్దేసి ఉంచేవాడు, మూలలు కత్తితో కోసినట్టు.

"ప్రిమార్‌గారూ, ఇలాగైతే నన్ను పనిలోంచి తీసేస్తారు. మీ పుణ్యమా అని వీధిన పడతాను."

"చేతులు ఊరుకోవమ్మా. కావాలంటే చెరిపేసి మళ్ళీ నువ్వు సర్దుకో. నేను కిటికీవైపు చూస్తూ నిలబడతాను."

నా దుప్పట్ల బండి గడప దగ్గర ఎప్పుడూ ఇరుక్కునేది. ఒకరోజు ఆయన వచ్చి, వెనక్కి నడుస్తూ, రెండు వేళ్ళతో లాగినట్టే లాగి దాన్ని దాటించాడు. "ముందు చక్రాలని చూడకు. వెనకవాటిని చూడు, ముందువి వాటంతటవే వస్తాయి" అన్నాడు. ఇంత పెద్ద డాక్టరుకి బండి తోయడం కూడా వచ్చునా అని నేనూ, నాతో పనిచేసే ద్రాగిత్సా నవ్వుకున్నాం.

ఎనభైమూడు నవంబరు రెండున, సమాధుల పండుగ రోజు, పసిపిల్లల బడికి సెలవు. అమ్మ మా తాత సమాధికి వెళ్ళింది. మాకు మాత్రం సెలవు లేదు, హోటలు నిండుగా ఉంది. రెసికి తెల్లవారుజాము నుంచే ఒళ్ళు వెచ్చగా ఉంది. రెండున్నరేళ్ళ పిల్ల. జలుబేలే అనుకున్నాను. కోటులో చుట్టి పనివాళ్ళ మెట్ల మీదుగా తెచ్చి మూడో అంతస్తు దుప్పట్ల గదిలో తువ్వాళ్ళ గుట్ట మీద పడుకోబెట్టాను. జలుబేలే అనుకున్నది నేనే. ఆ మాట ఇంకెవరి మీదా పెట్టలేను.

ద్రాగిత్సా చూసి నెత్తి కొట్టుకుంది. సెడ్లాచెక్‌గారంటే గదులు సర్దేవాళ్ళందరికీ పైఅధికారిణి.

"లిండీ, సెడ్లాచెక్ చూసిందంటే నిన్నూ దీన్నీ కలిపి చాకలిమూటలో వేసి పంపిస్తుంది."

"ఆవిడ ఈ పూట రెండో అంతస్తులో ఉంది. మధ్యాహ్నం దాకా రాదు."

"ఆవిడ ముక్కు వస్తుందే ముందు. కాళ్ళు తర్వాతొస్తాయి." అంటూనే తన చొక్కా జేబులోంచి గసగసాల రొట్టెముక్క తీసి రెసికి చూపించింది. రెసి చూడలేదు. తినడం ఇష్టం లేదని కాదు. చూడనేలేదు.

పది గంటలకు మూడువందల పన్నెండు సర్దుతున్నాను. ద్రాగిత్సా అరుపు వినబడింది. వెళ్ళేసరికి రెసి కళ్ళు పైకి పోయాయి, చేతులూ కాళ్ళూ కొట్టుకుంటున్నాయి, పెదాలు నీలంగా ఉన్నాయి. ద్రాగిత్సా చెంచా కాడ దాని పళ్ళ మధ్య పెట్టబోతోంది. నేనేం చేశానంటే, నడవాలోకి పరుగెత్తి గొంతు చించుకున్నాను.

"ప్రిమార్‌గారూ! ప్రిమార్‌గారూ!"

మూడో అంతస్తులో ఎవరూ గొంతెత్తరు. తలుపులన్నీ తెరుచుకున్నాయి. మూడువందల పదిహేడు కూడా.

ఆయన అడుగు బయటపెట్టి ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం గురించి ఎన్నోసార్లు ఆలోచించాను. అప్పుడు నాకది కనబడలేదు, ఆయన వస్తున్నాడన్నదే కనబడింది.

మోకాళ్ళ మీద కూర్చుని చెంచా లాగేశాడు. "నోట్లో ఏమీ పెట్టొద్దు." రెసిని పక్కకి తిప్పాడు, మెడ దగ్గర బొత్తాలు విప్పాడు, గడియారం తీసి నేల మీద పెట్టాడు. "అమ్మా, నువ్వు దీని వీపు మీద చెయ్యి వెయ్యి. గట్టిగా పట్టుకోకు. ఊరికే వెయ్యి." ద్రాగిత్సా వైపు తిరిగి, "కిందికి ఫోను చెయ్యి. పసిపిల్ల, మూర్ఛ, జ్వరం అని చెప్పు. ఆ మూడు మాటలు చాలు."

నాలుగు నిమిషాలన్నాడు తర్వాత. నాకు ఎంతసేపో తెలియదు. రెసి ఒళ్ళు వదులైంది. ఆయన దాని తల కింద తువ్వాలు పెట్టడానికి తల ఎత్తాడు. ఎత్తి, మళ్ళీ నెమ్మదిగా దించాడు. ఇంకోసారి ఎత్తి చూశాడు. ఆయన ముఖంలో ఏదో ఆగిపోయింది.

అంబులెన్సు డాక్టరు వచ్చేసరికి నడవా నిండా మనుషులు. సెడ్లాచెక్‌గారు వచ్చింది, నావైపు ఒక్క చూపు చూసింది. ఎదురుగది దంపతులు, మూలగదిలో ఉండే ముసలి బారన్ భార్య, అందరూ నిలబడ్డారు. డాక్టరు కుర్రాడు, చెవులు ఎర్రబడి ఉన్నాయి. నవ్రాటిల్‌గారు ముందు నడుస్తూ తన అలవాటు ప్రకారం బిగ్గరగా చెప్పాడు.

"కంగారు లేదు డాక్టర్‌గారూ, మా ప్రిమార్ అయిగ్నర్‌గారు పిల్లని చూశారు. పిల్లల ఆసుపత్రి ప్రిమార్‌గారు."

ఆ కుర్రాడు నిటారుగా నిలబడ్డాడు. "నమస్కారం ప్రిమార్‌గారూ." బడిలో పిల్లాడు లేచి నిలబడ్డట్టే ఉంది.

అప్పుడే రెసికి రెండోసారి మొదలైంది. డాక్టరు సంచీ తెరిచి సూదిలోకి మందు లాగాడు. లాగి, సూది పైకెత్తి పట్టుకుని ఆగాడు.

"ఎంత ఇవ్వమంటారు ప్రిమార్‌గారూ?"

తెలియక అడగలేదు. పెద్దవాడి ముందు తను ముందుపడకూడదు కాబట్టి అడిగాడు. మా ఊళ్ళో అందరం అంతే. నేను ఆయన వైపు చూశాను. నడవా అంతా ఆయన వైపే చూస్తోంది. రెసి మడమలు నేలకి తగిలి టపటపా చప్పుడవుతోంది.

"నన్నడక్కండి" అన్నాడు అయిగ్నర్‌గారు.

"అంటే, ప్రిమార్‌గారూ..."

"నేను ప్రిమార్‌ని కాను. అసలు డాక్టర్నే కాను. పిల్లల వార్డులో ముప్పై ఎనిమిదేళ్ళు మంచాలు తోశాను. మందు మీకు తెలుసు, మీరివ్వండి. నా కోసం ఆగకండి."

సూది దిగింది. ఆయన మాట ఆపలేదు. గొంతు పెంచలేదు కూడా.

"ఇంకొకటి. ఇందాక తల ఎత్తితే మెడ వంగలేదు. రెండుసార్లు చూశాను. ఉట్టి జ్వరం మూర్ఛ కాదనుకుంటున్నాను. ఇలాంటి పిల్లల్ని నేను తోసుకుని వెళ్ళాను. కొందరిని వెనక్కి తీసుకురాలేదు. తొందరగా పట్టుకెళ్ళండి."

బారన్ భార్య "అయ్యో దేవుడా" అంది. పిల్ల కోసం కాదనిపించింది నాకు. ఏడాదికోసారి భోజనాల గదిలో ఆవిడ ఆయన పక్కనే కూర్చుని తన మోకాళ్ళ నొప్పులన్నీ చెప్పుకునేది.

డాక్టరు మెడ కింద చెయ్యి పెట్టి చూశాడు. రెసిని ఎత్తుకుని మెట్ల మీదుగా పరుగెత్తాడు, లిఫ్టు కోసం ఆగకుండా. వెనకే నేను. మలుపు దగ్గర వెనక్కి చూస్తే అయిగ్నర్‌గారు ఇంకా నేల మీదే ఉన్నాడు. గడియారం తీసుకుంటున్నాడు. ఆయన చుట్టూ కొంచెం ఖాళీ ఏర్పడింది.

మెదడుపొరల వాపు అన్నారు. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే అని ఏదో చెప్పబోయి డాక్టరమ్మ ఆపేసింది. ఆ వాక్యం ఎలా ముగుస్తుందో నేను ప్రతిరోజూ ముగించుకుంటాను. అప్పట్లో తల్లుల్ని వార్డులో ఉండనిచ్చేవాళ్ళు కాదు. మధ్యాహ్నం గంట, సాయంత్రం అరగంట. అంతే. మా ఇల్లు ఊరి చివర సిమ్మరింగ్‌లో, ఆసుపత్రికి చాలా దూరం. ఎక్కడికి వెళ్ళాలో తెలియక సాయంత్రం హోటల్ వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. పనిలోంచి తీసేశారేమో కనుక్కుందామని.

సెడ్లాచెక్‌గారు తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఇత్తడి బిళ్ళ మీద మూడువందల పదిహేడు.

"ఆయన మధ్యాహ్నమే వెళ్ళిపోయారు. ఇంకా అయిదు రోజులుంది ఆయన గడువు. ఆసుపత్రి ఇక్కణ్ణుంచి పది నిమిషాల నడక కాబట్టి ఆ అయిదు రోజులూ నువ్వుండాలని అడిగారు. హోటల్లో పనివాళ్ళు అతిథి గదిలో పడుకోవడం నా హయాంలో లేదు." నా కాళ్ళవైపు చూసింది. "చెప్పులు మార్చుకుని వెళ్ళు. తివాచీ పాడవుతుంది."

గదిలో బల్ల మీద హోటలు కాగితం ముక్క ఉంది. "గెర్లిండెగారికి. ఎడమవైపు దిండు మెత్తనిది" అని రాసి ఉంది. లిండీ అని కాకుండా నా పూర్తి పేరు రాశాడు. కింద సంతకం లేదు. పక్క మాత్రం సర్ది ఉంది, మూలలు కత్తితో కోసినట్టు.

రెండేళ్ళు సర్దిన మంచం మీద పడుకుంటే పైకప్పు ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. సున్నపు పూల తీగ, మధ్యలో ఒక పూరేకు విరిగి ఉంది. పొద్దున్న ద్రాగిత్సా తలుపు కొట్టి లోపలికొచ్చి వంగి దండం పెట్టింది.

"దొరసానిగారికి శుభోదయం. పక్క సర్దమంటారా, లేక సోమరిపోతులా ఇంకాసేపు దొర్లుతారా?" అంది. నేను నవ్వలేదు. నా పక్కన కూచుని, జుట్టు దువ్వి జడ వేసింది. "తినాలి. తినకపోతే ఆ పిల్ల దగ్గర నువ్వు పడిపోతావు, అప్పుడు ఇద్దర్నీ తోయాలి ఎవరో" అంది.

కింద భోజనాల గదిలో కొత్తగా చేరిన వెయిటరు నన్నెరగడు. గది నంబరు చూశాడు. వెండి పళ్ళెంలో పాలకాఫీ, పక్కన మంచినీళ్ళ గ్లాసు, ఆప్రికాట్ జాము పెట్టి, "ప్రిమార్ అమ్మగారికి ఇంకేం తెమ్మంటారు?" అన్నాడు.

నేను కాదని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. నా అరిచేతులు బ్లీచింగు వాసన. నిన్నటినుంచి అందరూ నన్ను నువ్వు అన్నారు, నిలబడు అన్నారు, బయట ఉండు అన్నారు. ఆ కుర్రాడొక్కడే నా కుర్చీ వెనక్కి లాగి ముందుకి జరిపాడు. "ఇంకో రొట్టె" అన్నాను. తెచ్చాడు.

తర్వాత గదిలోంచి ఆసుపత్రికి ఫోను కలపమని అడిగాను. అంతకుముందు రాత్రి నర్సు రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది, చూసే వేళకి రావాలని. ఈసారి నవ్రాటిల్‌గారే లైను కలిపాడు. ఆయన గొంతు, ఆ పాతకాలపు మర్యాదతో సహా, నాకు వినబడుతూనే ఉంది.

"మీ చేతికి ముద్దు, సిస్టర్. పదకొండో మంచం తెరేసియా పాప గురించి ప్రిమార్ అమ్మగారు మాట్లాడతారు. ఒక్క క్షణం."

తెరేసియా అంటే మా రెసి పూర్తి పేరు. నర్సు అయిదు నిమిషాలు మాట్లాడింది. జ్వరమెంత, పాలు ఎంత తాగింది, వెన్నులోంచి తీసిన నీటి పరీక్షలో ఏం తేలింది, అన్నీ. "మీరేం దిగులుపడకండి అమ్మగారూ, పక్కనే ఉన్నాను" అంది. నేను ఫోను పట్టుకుని ఏడ్చాను. అయిదు రోజులూ అలాగే ఫోను చేశాను. అయిదు రోజులూ నేను ప్రిమార్ అమ్మగారినే.

ఆఖరి రోజు తాళంచెవి ఇవ్వడానికి బల్ల దగ్గరికెళ్ళాను.

"ఆయన్ని ప్రిమార్ చేసింది ఎవరండీ?" అని అడిగాను.

నవ్రాటిల్‌గారు తాళాలన్నీ వరసగా సర్దాడు.

"నేనే. మొదటిసారి వచ్చినప్పుడు ఎక్కణ్ణుంచి అనడిగితే పిల్లల ఆసుపత్రి నుంచి అన్నాడు. డాక్టర్‌గారూ అన్నాను. మరుసటేడు వస్తే ఒక మెట్టు ఎక్కించాను. ఏదో చెప్పబోయాడమ్మాయ్, నాకు గుర్తుంది. 'చూడండి, నేను...' అన్నాడు. నేను ఆయన పెట్టె ఎక్కడ పెట్టాలో చూస్తున్నాను. వినలేదు." మళ్ళీ అన్నాడు, "పద్నాలుగేళ్ళు."

రెసి మూడు వారాలకి ఇంటికొచ్చింది. ఎడమ చెవి సరిగ్గా వినబడదు. ఎడమవైపు నుంచి పిలిస్తే చుట్టూ తిరిగి చూస్తుంది. ఆ ఒక్కటే మిగిలింది. మిగతా పిల్ల అంతా నాకు దక్కింది.

మా హోటలు ప్రతి క్రిస్మసుకీ పాత అతిథులకి కార్డు పంపుతుంది. ఆ ఏడు అయిగ్నర్‌గారి కార్డు నవ్రాటిల్‌గారి సొరుగులో ఉండిపోయింది. కవరు మీద ఏమని రాయాలో ఆయనకు తేలలేదు. ప్రిమార్‌గారికి అని రాస్తే వెక్కిరించినట్టు. ఒట్టి అయిగ్నర్‌గారికి అని రాస్తే పట్టా లాక్కున్నట్టు. సెడ్లాచెక్‌గారితో రెండుసార్లు మాట్లాడాడు, ఇద్దరికీ తేలలేదు. జనవరి వచ్చేసింది. ఆ కార్డు ఇప్పటికీ అక్కడే ఉంది, నేను చూశాను. ఆయన మాత్రం హోటలు తనని తీసేసిందనే అనుకుని ఉంటాడు. నిరుడు అక్టోబరులో రాలేదు. పెరటివైపు గది ఎవరో స్విట్జర్లాండు దంపతులకిచ్చారు.

నేను ఉత్తరం రాశాను. చిరునామా హోటలు రిజిస్టరులోంచి తీసుకుని, పేరు దగ్గర కాయెటన్ అయిగ్నర్ అని మాత్రమే రాశాను. నా రాత బాగుండదు, అయినా రాశాను. జవాబు రాలేదు. ఫిబ్రవరిలో రెసి ఫోటో పెట్టి ఇంకోటి రాశాను. అదీ అంతే. వెనక్కి కూడా రాలేదు. అంటే పోస్టుమాను ఎవరి పెట్టెలోనో వేస్తున్నాడు. ఆ పెట్టె ఎవరైనా తెరుస్తున్నారా అన్నదే నాకు తెలియడం లేదు. ఆయనకి డెబ్భై ఒకటో రెండో ఉంటాయి. ఒంటరివాడు.

మార్చిలో ఒక ఆదివారం రెసిని తీసుకుని రైలు స్టేషనుకి వెళ్ళాను. రెండున్నర గంటల ప్రయాణమట. రైలు వచ్చింది. రెసి నుదురు వెచ్చగా అనిపించింది. నిజంగా వెచ్చగా ఉందో, నా చెయ్యి చల్లగా ఉందో. స్టేషన్ల మధ్య ఆసుపత్రి ఎక్కడుందో నాకు తెలియదు. రైలు వెళ్ళిపోయింది. పిల్లని అమ్మ దగ్గర వదిలి వెళ్ళొచ్చు కదా అంటుంది ద్రాగిత్సా. నేను లేని పూట మూర్ఛ వస్తే అన్న ఆలోచన దగ్గరే నా కాళ్ళు ఆగిపోతాయి.

అందుకే ఇది రాస్తున్నాను. మీలో ఎవరైనా స్టైర్ వైపు వెళితే, ఎన్స్ ఒడ్డున తాళాలు బాగుచేసే దుకాణం ఉందట, దాని పైన రెండో అంతస్తు. కర్టెన్లు తీసి ఉన్నాయో లేదో చూడండి. ఉత్తరాల పెట్టె నిండిపోయి ఉందేమో చూడండి. గంట నొక్కి కొంచెంసేపు ఆగండి, ఆయన తొందరపడే మనిషి కాదు. తలుపు తీస్తే ఏ పట్టా తగిలించకుండా అయిగ్నర్‌గారూ అని పిలవండి, రెసి బాగుందని, ఇప్పుడు మెట్లు లెక్కపెడుతూ ఎక్కుతోందని చెప్పండి. తీయకపోతే దయచేసి వచ్చేయకండి. పక్కింటి తలుపు కొట్టండి.